దుక్మ్ వ్యాను, బిర్యానీ మూత

మస్కట్ నుంచి తిరిగొచ్చిన నన్ను మా వీధి వీధంతా అడిగింది ఒక్కటే మాట: "అక్కడ బంగారం చవకటగా?" నిజమో కాదో నాకు తెలియదు. నేను బంగారం కొట్టు మెట్టెక్కలేదు. నేను చూసింది ఒక పసిబిడ్డ ఇల్లు, ఒక ముసలామె ఇల్లు, పిండి పూసి మూత బిగించిన ఒక బిర్యానీ డేగిసా, ఎడారి చివర ఒక సముద్రం. వీటన్నిటి మధ్యా తిరిగేది ఒక తెల్ల వ్యాను. ఆ వ్యాను ఆగిపోకుండా ఉండటానికి ఒక సాయంత్రమంతా నేను నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. మాట్లాడటం నాకు కొత్త కాదనుకోండి. దానికి లండన్‌లో ఒక చరిత్ర ఉందని మాత్రం అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

పూతరేకుల తనిఖీ

నేను వెళ్ళిన పని పురుడు. మా తోటికోడలి కూతురు శైలజ, మస్కట్‌లో మాస్టారి భార్య. ఆడపిల్లని కన్నది. కన్నతల్లి వెళ్ళాల్సింది, బావి దగ్గర జారిపడి కాలికి కట్టు కట్టించుకుని కూర్చుంది. "అక్కా, బిడ్డకి నీళ్ళు పోయడం నీకొచ్చినట్టు ఇంకెవరికొచ్చు, నువ్వెళ్ళు" అంది. వెళ్ళాను. ఇంకో ఆశ కూడా ఉంది. మా ఆఖరి చెల్లెలు వెంకటలక్ష్మి ఆ దేశంలోనే ఒక అరబ్బుల ఇంట్లో పని చేస్తుంది. దాని మొగుడు సత్తిబాబు దుక్మ్ అనే చోట పైపులకు వెల్డింగు చేస్తాడు. ఇద్దర్నీ ఒక్కసారి కళ్ళారా చూసి రావచ్చు గదా.

ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? ఆత్రేయపురం పూతరేకులు రెండు అట్టపెట్టెల్లో కట్టించాను. ఒకటి శైలజకి, ఒకటి చెల్లికీ మరిదికీ. విమానంలో రెండూ ఒళ్ళోనే పెట్టుకున్నాను. దిగాక తనిఖీ చేసే కుర్రాడు, నెత్తి మీద ఎంబ్రాయిడరీ టోపీ, మొహాన చిరునవ్వు, పెట్టె తెరిచి ఒక రేకుని వేలితో తాకాడు. "కాగితమా?" అని హిందీలో అడిగాడు. తినేదని సైగ చేశాను. వాడు నమ్మలేదు. "మీరు తినండి" అన్నాడు. తిన్నాను. ఇంకా నమ్మలేదు. "నువ్వు తిను నాయనా" అని తెలుగులోనే చెప్పి చేతిలో పెట్టాను. నోట్లో వేసుకున్నాడు. కాసేపు నమిలే పనే లేకపోయేసరికి కంగారుపడ్డాడు. తర్వాత పక్క బల్లవాణ్ణి పిలిచాడు. మొత్తానికి శైలజ పెట్టెలో కొంత తగ్గింది కానీ ఆ దేశంలో నాకు మొదటి చుట్టం అతనే.

వాడి కబీర్: కొండల మధ్య ఉతికిన బట్టలు

శైలజా వాళ్ళుండేది వాడి కబీర్‌లో. చుట్టూ గోధుమరంగు కొండలు, వాటి మీద ఒక్క గడ్డిపరక లేదు. మా కోనసీమలో పచ్చదనం లేని చోటు వెతకాలి, అక్కడ ఒక ఆకు కనిపిస్తే ఆగి చూడాలి. కింద మెకానిక్ షెడ్లు, పైన మేడలు, ప్రతి మేడ వరండాలోనూ ఉతికిన స్కూలు యూనిఫారాలు. పొద్దున్నే పసుపు బస్సులు వరసగా వస్తే పిల్లలు టిఫిన్ బాక్సులతో మేడలు దిగుతారు. బస్సు రాకముందు ఒక తల్లి మలయాళంలో, ఒక తల్లి తమిళంలో, మా శైలజ తెలుగులో అదే తిట్టు తిడతారు.

బజారుకి వెళ్తే మన కొబ్బరికాయకి ప్లాస్టిక్ కాగితం చుట్టి, ధర చీటీ అంటించి, చల్లటి అలమారాలో కూర్చోబెట్టారు. ఆ ధరకి మా ఊళ్ళో దింపు కూలీతో సహా గెల వస్తుంది. మునగాకు కట్ట ధర చూసి నేను గట్టిగా నవ్వితే పక్కనున్నావిడ భయపడి జరిగింది. చేపలు మాత్రం మత్రా రేవులో బతికున్నట్టే ఉన్నాయి. అక్కడ ఒక ముసలి జాలరి నాతో అరబ్బీలో బేరం, నేను అతనితో తెలుగులో బేరం. ఇద్దరం ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే తగ్గించుకున్నాం.

అల్ మవాలే: కప్పు ఊపని పాపం

ఒక మధ్యాహ్నం మా అల్లుడు శ్రీనివాసు మాస్టారు నన్ను అల్ మవాలేలో చెల్లి పని చేసే ఇంటి దగ్గర దింపారు. అక్కడ ఇంటామెని పనివాళ్ళు 'మామా' అంటారు, మనం అమ్మా అన్నట్టు. పెద్దావిడ, నా కంటే ముసలిది, కళ్ళు మాత్రం నా కంటే చురుకు. ఖర్జూరాలు పెట్టింది. పిడిలేని బుల్లి కప్పులో కాఫీ పోసింది. చేదు, యాలకుల వాసన. తాగాను. మళ్ళీ పోసింది. పెద్దావిడ పోస్తుంటే వద్దనడం ఏం బాగుంటుందని తాగాను. మళ్ళీ పోసింది. నా గుండె వేరే ఊరెళ్ళినట్టు కొట్టుకోవడం మొదలెట్టాక మా చెల్లి మూతికి కొంగడ్డం పెట్టుకుని, "చాలనుకుంటే కప్పు ఊపాలే అక్కా! ఊపకపోతే పోస్తూనే ఉంటారు" అంది. ఆ మాట మొదటి కప్పుకే చెప్పొచ్చు గదా!

ఇంకో మర్యాద కూడా అక్కడే నేర్చుకున్నాను. నేను కూర్చోగానే మా చెల్లి సెలవు సంగతి ఎత్తబోయాను. చెల్లి నా మోచెయ్యి గిల్లింది.

"ఆగవే. ముందు ఆవిడ వార్తలడుగుద్ది. నువ్వు అంతా బాగుందనాలి. తర్వాత వానలు, తోటలు, పిల్లలు, ముసలోళ్ళు. పని మాట అన్నిటికన్నా ఆఖర్న. ముందే ఎత్తితే మర్యాద తెలీదనుకుంటారు."

సరే, వార్తలు చెప్పుకున్నాం. చెల్లి అటు మాట ఇటు, ఇటు మాట అటు వేసింది. నేను కొబ్బరితోటల సంగతి చెప్పాను, ఆవిడ ఖర్జూరం తోటల సంగతి చెప్పింది. ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరట. మనిషి ఎక్కి మగ పూత తెచ్చి ఆడ పూత మీద చల్లితేనే కాపట. "తోటంతటికీ ఒక్క మగ చెట్టున్నా చాలు" అని, మా చెల్లి వైపు చూసి, "దీనికున్నది ఒక్కటే, అది దుక్మ్‌లో ఉంది" అందావిడ. చెప్తూ చెప్తూ చెల్లి సిగ్గుతో సగం మింగేసింది, మిగతా సగం నేను మొహం చూసి గ్రహించాను. వచ్చేటప్పుడు సాంబ్రాణి లాంటిది వేసి నా చీరకి పొగ పట్టింది మామా. మనం పసిపిల్లల తలకి పట్టినట్టే. అరవై ఏళ్ళకి నాకు మళ్ళీ పురిటి స్నానం అయినట్టుంది.

గేటు దగ్గర చెల్లి అసలు సంగతి చెప్పింది. మొగుడూ పెళ్ళాలూ ఒకే దేశంలో ఉన్నా మధ్యలో ఎడారి. మన తెలుగువాళ్ళు పదీ పన్నెండు కుటుంబాలు కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నారు. నెలకో శుక్రవారం అది దుక్మ్ వెళ్తుంది, పచ్చళ్ళతో, మందులతో, మా చెల్లి లాంటివాళ్ళతో. పోయిన నెల వ్యాను రిపేరుకి పోయింది. ఈ శుక్రవారం వెళ్ళాలి. "కానీ గురువారం సాయంత్రం మీటింగులో వ్యానుని దుక్మ్ పంపడం మానేద్దామని చేతులెత్తిస్తారంట. పిక్నిక్కులకి వాడుకుంటారంట" అంది. ఏడవలేదు. పైటచెంగు మాత్రం వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి నలిపేసింది.

కారులో లండన్

గురువారం సాయంత్రం కారులో అల్లుడు గారిని అడిగాను. "మనవైపు ఎన్ని చేతులు లేస్తాయి బాబూ?"

"తక్కువేనండి అత్తయ్యగారూ. దుక్మ్‌లో ఉండేవాళ్ళు మీటింగుకి రాలేరు కదా, వాళ్ళ చేతులు లెక్కలోకి రావు."

"మరి దారే లేదా?"

ఆయన చరిత్ర చెప్పే మాస్టారు. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా పాఠం మొదలెడతారు. "ఎప్పుడో పందొమ్మిదో శతాబ్దంలో లండన్ పార్లమెంటులో ఇలాగే అయిందండి. ఐర్లాండు నుంచి వెళ్ళిన సభ్యులు కొద్దిమంది. ఓటింగుకి పోతే ఓడిపోవడమే. అందుకని ఓటింగు దాకా రానిచ్చేవారు కాదు. ఒకాయన లేచి గంటలకొద్దీ మాట్లాడేవాడు. మాటలైపోతే సర్కారు వారి లావుపాటి పుస్తకం తెరిచి చదివేవాడు. ఆయన కూర్చుంటే ఇంకొకాయన లేచేవాడు. మిగతావాళ్ళు బెంచీల మీద కునుకు తీసేవాళ్ళు."

"భోజనాలో?"

"వంతులవారీగా వెళ్ళి తినొచ్చేవారేమోనండి."

"పాపం చదివేవాడికి గొంతు తడుపుకోవడానికైనా ఇచ్చారా? సర్లే. ఆఖరికేమైంది?"

"మాటని మధ్యలో తెగ్గొట్టే రూలొకటి పెట్టారండి."

"అది మనవాళ్ళు పెట్టలేరు కదా?"

అల్లుడు గారు నవ్వారు. "మన రూల్స్ రెండేనండి. కొత్తవాళ్ళొస్తే ముందు పరిచయం, అందులో ఎవరూ అడ్డురాకూడదు. రెండోది, బిర్యానీ మూత తీశాక మీటింగు మాట ఎత్తకూడదు. మూత తీసేలోపు తేలనిది పై నెల మీటింగుకి పోతుంది. అప్పటిదాకా పాత పద్ధతే. రెండూ మా ప్రెసిడెంటు గారు పెట్టినవే. ఒకసారి పళ్ళేల ముందు గొడవై పెరుగు గిన్నె ఎగిరిందిలెండి."

"ఈసారి కొత్తవాళ్ళెవరు?"

"మీరేనండి."

నేను పైట సర్దుకుని కూర్చున్నాను.

మోకాళ్ళ మీద చర్చ

మీటింగు అల్ మవాలేలో ప్రెసిడెంటు రామసుబ్బయ్య గారింట్లో. ఆయనది ప్రొద్దుటూరు, ఇక్కడ ఏసీ సామాన్ల కొట్టు. మనిషి మంచివాడే, రూలు అనే మాట చెప్పేటప్పుడు మాత్రం కాస్త ఎత్తు పెరుగుతాడు. వెనక వాకిట్లో హైదరాబాదు ఖాదర్ భాయ్ డేగిసాకి పిండి పూసి, మూత బిగించి, మూత మీద నిప్పులు పేర్చాడు. వ్యాను తోలేదీ ఆయనే, బిర్యానీ వండేదీ ఆయనే. హాల్లో మగవాళ్ళు కుర్చీల్లో, కడప నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసే ఆడపిల్లలు ఇద్దరు మా చెల్లి పక్కన చాప మీద.

"ముందు పరిచయం" అన్నారు మా అల్లుడు గారు. ఆయనే కార్యదర్శి.

"పేరు, ఊరు, నాలుగు ముక్కలు చెప్పి కూచ్చోండమ్మా" అన్నారు ప్రెసిడెంటు.

లేచాను. "ఆయ్. నా పేరు మంగతాయారండి. మాది రాజోలు అవతలండి. పేరూ ఊరూ అయినాయండి. నాలుగు ముక్కలు ఇప్పుడు మొదలెడతానండి."

మామా ఇంట్లో నేర్చుకున్నట్టు వార్తలతో మొదలెట్టాను. అందరికంటే ముందు కూర్చున్న కిషోర్ అనే కరీంనగర్ కుర్రాణ్ణి చూశాను. లెక్కలు రాసే ఉద్యోగం, ప్రెసిడెంటు గారి కుడిచెయ్యి.

"నాయనా, మీ అమ్మ బాగుందా?"

"మంచిగుందమ్మా."

"మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?"

కిషోర్ కళ్ళు పెద్దవయ్యాయి. "నీకెట్ల ఎరుక?"

అమ్మలన్నాక మోకాళ్ళు ఉండవా! వావిలాకు కాగబెట్టి కాపడం పెట్టమన్నాను. అంతే, చాప మీంచి కడప పిల్ల అందుకుంది: "వావిలాకు కాదు పిన్నీ, మా అవ్వకు ఆముదం రాసి జిల్లేడాకు కట్టినాం, ఇప్పుడు కొండెక్కతాంది." కుర్చీల్లోంచి ఒకాయన తన తల్లికి ఆపరేషనైన సంగతి చెప్పారు. ఆపరేషను వద్దని ఒకరు, కావాలని ఒకరు. సభ రెండుగా చీలింది. వ్యాను మీద కూడా అంత పట్టుదలగా చీలి ఉండదు.

"మోకాళ్ళు అజెండాలో లేవు!" అన్నారు ప్రెసిడెంటు.

"పరిచయంలో అడ్డురాకూడదండి" అన్నారు అల్లుడు గారు వినయంగా.

"అట్లయితే పరిచయం ఇంతసేపే అని ఇప్పుడే రూలు పెడ్తాండా."

"రూలు పెట్టాలంటే చేతులెత్తాలండి. చేతులెత్తాలంటే పరిచయం అవ్వాలండి."

ప్రెసిడెంటు గారి రూలు ఆయనకే అడ్డం పడింది. నేను కిషోర్‌ని వదిలి రెండో కుర్చీకి, మూడో కుర్చీకి వెళ్ళాను. మీది ఏ ఊరు, మీ అమ్మమ్మది ఏ ఊరు, ఆ ఊళ్ళో గేదెల సంతలో నల్లకోటు వేసుకు తిరిగే దళారి మీకేమవుతాడు. అడ్రసులు మరిచిపోతాను గానీ మనుషుల్ని నేను మరిచిపోను. ఎవర్నడిగినా ఎక్కడో ఒక పెళ్ళిలో మా వాళ్ళూ వాళ్ళ వాళ్ళూ ఒకే పంక్తిలో తిన్నట్టు తేలుతోంది. ఒకాయన నాకు మనవడు వరసయ్యాడు. ఆయనకి బట్టతల.

అల్లుడు వరస, ప్రమాదం

అప్పుడు కిషోర్ లేచాడు. కుర్రాడు తెలివైనవాడు. "అమ్మా, నాదొక మాట. వరసల మాటే. మాస్టారు నీకు అల్లుడు గదా?"

"అవును నాయనా."

"మా ప్రెసిడెంట్ సార్ మాస్టార్ని తమ్ముడు అని పిలుస్తడు. గట్లయితే సార్ గూడ నీకు అల్లుడే గదా! అల్లుడు నోరు తెరిచి వ్యాను గావాలె అంటే అత్త కాదంటదా?"

హాలంతా చప్పట్లు. మా వైపు అల్లుడు మాట తీసేస్తే ఆ ఇంట్లో ఇంకో పెళ్ళి కాదు. వరసలు కలుపుతూ కలుపుతూ నా గోతిలో నేనే పడ్డాను. ప్రెసిడెంటు గారు కుర్చీలో వెనక్కి వాలి, "అత్తా, చెప్పు మరి" అన్నారు. చాప మీద మా చెల్లి పైటచెంగు మళ్ళీ వేలికి చుట్టుకుంది.

వాకిట్లోంచి ఖాదర్ భాయ్ తల పెట్టాడు. "సాబ్, దమ్ అయిపోయింది. మూత తియ్యాలా?"

"తియ్యొద్దు భాయ్! చేతులెత్తినాంక తీద్దాం."

"సాబ్, దమ్‌కి మీటింగ్ తెలవదు. అడుగు మాడుతది."

"మాడనీ!"

నాకు ఒక ఊపిరి దొరికింది. వంటింటి గుమ్మంలో ప్రెసిడెంటు గారి భార్య పద్మావతి పళ్ళేల దొంతర పట్టుకుని నిలబడి ఉంది. ఆస్పత్రిలో నర్సు. నేను "ఆయ్" అన్న దగ్గర్నుంచీ ఆవిడ వంటింట్లోకి వెళ్ళడం మానేసింది.

"పిలుపు వరస వేరు బాబూ, పేగు వరస వేరు" అన్నాను కిషోర్‌తో. "అసలు వరస ఇల్లాలి వైపు నుంచి చూడాలి. అమ్మాయ్, నీ మాటలో మా గోదారి నీళ్ళున్నాయి. మీ అమ్మది ఏ ఊరమ్మా?"

"గుడిమెళ్ళంకండి" అంది.

"గుడిమెళ్ళంకలో ఎవరింట్లో?"

"పద్మా, నువ్వు లోపలికి పో" అన్నారు ప్రెసిడెంటు.

పద్మావతి లోపలికి పోలేదు. "లాకుల దగ్గర పెంకుటిల్లండి. మా నాన్న పడవల మీద కొబ్బరి ఎగుమతి చేసేవారు. ఒక చెవికే పోగు ఉండేది ఆయనకి."

నేను కూర్చుండిపోయాను. అది నటన కాదు. ఒంటిపోగు మావయ్య! మా అమ్మకి పెదనాన్న కొడుకు. మా పెళ్ళిళ్ళన్నిటికీ పడవ నిండా కొబ్బరిబోండాలు వేసుకొచ్చినవాడు. ఆయన కూతురొకతె దేశం కాని దేశంలో, తెలియని ఊరివాణ్ణి చేసుకుందని ఇంటిల్లిపాదీ మాటలు మానేశారని విన్నాను. ఆ కూతురు ఈ పద్మావతి.

"నువ్వు మా మేనమామ బిడ్డవే" అన్నాను. "నేను నీకు వదిన్నే."

పళ్ళేల దొంతర చప్పుడుతో కిందికి దిగింది. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది వదినా" అంది పద్మావతి. "మా వైపు మనిషినని ఒక్కరు కూడా ఈ గుమ్మం తొక్కలేదు. ఇదే మొదలు." కళ్ళు తుడుచుకోను కూడా లేదు. తిన్నగా వాకిట్లోకి నడిచింది.

"పద్మా, మూత! చేతులెత్తలేదు ఇంకా!" అని ప్రెసిడెంటు గారు లేచారు.

"నా పుట్టింటోళ్ళకి అన్నం పెట్టుకుంటున్నాను. మీ చేతులు తర్వాత ఎత్తుకోండి" అని ఆవిడ అట్లకాడతో పిండి పగలగొట్టింది. ఆవిరి లేచింది. మాడిన వాసన, మసాలా వాసన కలిసి హాల్లోకి వచ్చాయి. రూలు ప్రకారం మీటింగు అయిపోయింది.

ప్రెసిడెంటు గారు పళ్ళెం ముందు కూర్చుని, "దుక్మ్‌లో ఉండేటోళ్ళకు ఫోన్లుండాయి గదమ్మా. మొహాలు చూసుకోవచ్చు" అన్నారు నెమ్మదిగా.

"ఫోన్లో చేపల పులుసు పోసుకోలేం కదా తమ్ముడూ."

"ఇప్పుడు తమ్ముడినా?"

"మరదలి మొగుడు అన్నదమ్ముడే కదా. నాకు తమ్ముడివి, వెంకటలక్ష్మికి అన్నవి."

పద్మావతి ఆయన పళ్ళెంలో అడుగంటిన ముక్క వేస్తూ అంది: "ఆడపడుచుని మొగుడి దగ్గర దిగబెట్టేది అన్నే. సారె కూడా అన్నే మొయ్యాలి. రేపు వ్యానులో ముందు సీటు మీది."

సినావ్ దారిలో సారె

శుక్రవారం తెల్లారుతూనే బయల్దేరాం. ముందు సీట్లో ప్రెసిడెంటు గారు, ఒళ్ళో పూతరేకుల పెట్టె. "ఒక్క రేకు విరిగినా మీ బావ ముందు మా పరువు పోద్ది" అని పద్మావతి చెప్పి పంపింది. పాపం ఆయన ఎత్తుపల్లం వచ్చినప్పుడల్లా పెట్టెని గాల్లోకి ఎత్తి పట్టుకున్నారు. "నిదానం భాయ్! పసిబిడ్డ ఉండాది!" అని ఖాదర్ భాయ్ మీద కేకలు.

సినావ్ దగ్గర ఒక మలయాళీ కాఫీ కొట్లో ఆగాం. చాయ్ చవకే, పరోటా చవకే. రియాలుకి వెయ్యి బైసలు, అన్నీ వందల్లో చెప్తుంటే మొదట్లో నేను గుండె బాదుకున్నాను గానీ చాయ్ దగ్గర మాత్రం ఆ దేశం మన దేశమే. అక్కడ్నుంచి ఊళ్ళు తగ్గాయి, చెట్లు తగ్గాయి, ఆఖరికి కొండలు కూడా తగ్గాయి. నేల, ఆకాశం, మధ్యలో మా వ్యాను. ఒక ఒంటె రోడ్డుకి అడ్డంగా నిలబడింది. హారన్ కొట్టినా కదల్లేదు. నింపాదిగా నెమరేస్తూ మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"ఇది ఐర్లాండు మెంబరు" అన్నాను. అల్లుడు గారు పాలు తాగే బిడ్డనీ బాలింతనీ వదిలి రాలేదు కాబట్టి ఆ మాటకి నవ్వినవాళ్ళు లేరు. నేనే నవ్వుకున్నాను.

చెల్లి దారంతా కిటికీ పక్కనే కూర్చుంది. ఉప్పు పేరుకున్న తెల్లటి నేల దాటాక జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. అప్పుడు తెలిసింది, దగ్గరకొచ్చామని.

దుక్మ్: పరిచయం కాలేదు

దుక్మ్‌లో గాలి. చీర కొంగుని ఎవరో లాగుతున్నంత గాలి. ఎక్కడ చూసినా క్రేన్లు, పైపులు, వరసగా పెట్టెల్లాంటి గదులు. ఆ గదుల దగ్గరకి ఆడవాళ్ళని రానివ్వరు. అందుకని సముద్రం వైపు ఒక కాఫీ కొట్టు దగ్గర వ్యాను ఆపుతారు. సత్తిబాబు ఇస్త్రీ చొక్కాలో, తలకి నూనె రాసుకుని, చేతిలో క్యారేజీతో నిలబడి ఉన్నాడు. పొద్దున్నే రేవులో చేప కొని రూమ్‌లో పులుసు పెట్టాడట.

చెల్లి దిగింది. ఎవరూ ఎవర్నీ తాకలేదు. "బక్కచిక్కిపోయావేంటే" అన్నాడు. "మీరు నల్లబడ్డారు" అంది. మేమంతా సముద్రాన్ని మొదటిసారి చూస్తున్నట్టు అటు తిరిగాం.

ప్రెసిడెంటు గారు పెట్టె అందించారు. "సారె తెచ్చినాను బావా. మా చెల్లెల్ని బాగా చూసుకో."

సత్తిబాబు నా వైపు చూశాడు. వరస చెప్పాను. వాడు ప్రెసిడెంటు గారి చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆయ్. ఇన్నాళ్ళూ నాకు బావమరిది లేక అలగడానికి ఎవరూ దొరకలేదండి. ఇంక చూడండి మరి." పెట్టె తెరిచాడు. ఒక్క రేకు విరగలేదు.

ఈలోగా వ్యాను చుట్టూ పనివాళ్ళు మూగారు. ఎవరి పచ్చడి సీసా వాళ్ళు, ఎవరి మందుల పొట్లం వాళ్ళు తీసుకుంటున్నారు. ఏమీ రానివాళ్ళు కూడా వచ్చారు, ఊరికే, వ్యానుని చూడటానికి. వాళ్ళకి తలో రేకు పెట్టాను. ఒకతను ప్రెసిడెంటు గారి మాట పట్టేశాడు. "అన్నా, మీది ప్రొద్దుటూరు పక్కా? యా వీధి?" అంతే, ఇంకో నలుగురు. వాళ్ళ వీధి, వీళ్ళ బడి, ఫలానా కొట్లో బొరుగులు. ఆయనకి చాయ్ తెచ్చారు. తాగారు. మళ్ళీ తెచ్చారు. తాగారు. కప్పు ఊపాలని నేను చెప్పలేదు. నాకు మాత్రం ఎవరు చెప్పారు?

పొద్దు వాలుతోంది. ఖాదర్ భాయ్ తాళాలు గలగలలాడించి, నన్ను అక్కని చేసి, "ఆపా, చీకటి పడితే రోడ్డు మీద ఒంటెలు కనబడవు" అన్నాడు. ఆ మాట నిజమే. నేను ఒడ్డు వైపు చూశాను. అక్కడ రాళ్ళ మీద చెల్లీ సత్తిబాబూ కూర్చుని ఉన్నారు. మధ్యలో క్యారేజీ. మాట్లాడుకోవడం ఇప్పుడే మొదలెట్టినట్టున్నారు. అది చేతులూపుతూ ఏదో చెప్తోంది, అతను తల దించుకుని వింటున్నాడు. రెండు నెలల మాటలు కదా.

ప్రెసిడెంటు గారు కూడా అటు చూశారు. కాసేపు చూశారు. ఖాదర్ భాయ్ వ్యాను ఎక్కి హారన్ కొట్టాడు. చెల్లి ఉలిక్కిపడి లేవబోయింది.

"ఆగు భాయ్!" అని మా తమ్ముడు చెయ్యెత్తాడు. అందరికంటే వెనక, పచ్చడి సీసా కూడా లేకుండా నిలబడ్డ ఒక మనిషి భుజం మీద ఆ చెయ్యి వేసి, తీరిగ్గా కుర్చీ లాక్కున్నాడు.

"ఇంగా పరిచయం కాలేదు. చెప్పబ్బా, మీ అమ్మమ్మది ఏ ఊరు?"